లేబు పెట్టలు

మనిషి సర్ది చెబుతాడు, యంత్రం తనను కొన్నవాడి పాట పాడుతుంది, కోడిపెట్టకు మాత్రం అబద్ధం ఆడటం రాదు. ఇది డాక్టర్ భానోజీరావు గారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని పట్టుకుని ఆయన పదకొండేళ్ళు ప్రయోగశాలలో కూర్చుని ఒక పెట్టను తయారు చేశారు. చూడటానికి అది మామూలు గోధుమరంగు పెట్టే. మట్టి కెలుకుతుంది, పురుగు కనిపిస్తే వదలదు, గుడ్డు పెట్టి ఆ సంగతి వీధంతా చాటుతుంది. తేడా అంతా గుడ్డు పెంకులో ఉంది. చెత్తలో ప్లాస్టిక్ కాలితే పుట్టే డయాక్సిన్ అనే విషం పెట్ట ఒంట్లో చేరిందంటే పెంకు నీలం తిరుగుతుంది. విషం ఎంతో నీలం అంత.

మొదటి నీలి గుడ్డును చేతిలోకి తీసుకున్నది గౌరీశ్వరి. ఎనిమిదేళ్ళుగా ఆ ప్రయోగశాలలో ఆమె సహాయకురాలు. కోడిపిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చినప్పటినుంచి వాటికి నూకలు పెట్టి, వేడి దీపం కింద పడుకోబెట్టి పెంచింది కూడా ఆమే. మూడు వారాలపాటు ఒక పెట్టకు మేతలో లెక్కగా ఆ విషం చుక్క వేసింది. ఇరవై రెండో రోజు పొద్దున గూట్లో చెయ్యి పెడితే లేత నీలం గుడ్డు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని భానోజీరావు గారు ఆ రోజు కేక పెట్టి, అందరికీ మాడుగుల హల్వా తెప్పించి, తనకు షుగరుందన్న సంగతి మరిచి రెండు ముక్కలు తినేశారు.

తురాయివలస ఊరి పక్కన చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టి ఆరేళ్ళయింది. నగరం చెత్తంతా అక్కడికే పోతుంది. పొగగొట్టానికి కొలిచే యంత్రం ఉంది కానీ దాన్ని చూసేది ప్లాంటువాళ్ళే. తనిఖీకి ఎవరైనా వస్తారంటే ఆ రోజు ఎండుటాకులు, అట్టముక్కలు మాత్రమే పొయ్యిలో వేస్తారని ఊళ్ళో చెప్పుకుంటారు. పొగ ఎగిరిపోతుంది, అందులోని విషం మాత్రం మట్టిలోకి దిగుతుంది. మట్టిలోంచి పురుగుకు, పురుగులోంచి పెట్టకు, పెట్టలోంచి గుడ్డు సొనలోకి చేరుతుంది. ఆ దారిని పెంకు మీద రాసి చూపించడమే భానోజీరావు గారి పని.

"నలభై ఇళ్ళకు నాలుగేసి పెట్టలు ఇద్దాం. ప్రతి మంగళవారం ఇంటికి ఆరు గుడ్లు తీసుకో. మిగతావి వాళ్ళ ఇష్టం, తింటారో అమ్ముకుంటారో," అన్నారాయన. "నీలం అంటే ఏమిటో మాత్రం చెప్పకు."

"చెప్పకపోతే ఎలా సర్? తింటారు కదా!"

"వాళ్ళ సొంత పెట్టలు తినేదీ ఆ మట్టే కదా గౌరీ. ఇన్నాళ్ళూ తెలియకుండా తింటున్నదే. మనం కొత్త విషం పెట్టడం లేదు, ఉన్నదానికి రంగేస్తున్నాం. చెబితే ఏమవుతుందో పోయినసారి చూశావుగా."

చూసింది. పోయినసారి ఇంకో ఊళ్ళో అన్నీ విప్పి చెప్పారు. నీలం గుడ్డు వస్తే నష్టపరిహారం వస్తుందని ఎవరో పుట్టించారు. పై వారానికి ఊరి గుడ్లన్నీ ముదురు నీలం! ప్రయోగశాలకు తెచ్చి కడిగితే నీళ్ళు నీలమయ్యాయి, గుడ్లు తెల్లబడ్డాయి. తెల్లబట్టలకు వాడే నీలిమందులో ఊరబెట్టారు మహానుభావులు. ఏడాది పని గంగలో కలిసింది. ఆ దెబ్బతో భానోజీరావు గారికి చెప్పడం అన్నమాట మీదే నమ్మకం పోయింది. "నాలుగు నెలలు ఓపిక పట్టు. రుజువు చేతికొస్తే ఆ పొయ్యి నేనే ఆర్పిస్తాను," అన్నారు. ఆ మాట మీద గౌరీశ్వరి నోటికి తాళం వేసుకుంది.

పెట్టలు పంచిన రోజు అప్పలనరసమ్మ తన వాటా నాలుగింటినీ తిరగేసి మరగేసి చూసింది. ఆవిడకు యాభై దాటాయి, నోరు మాత్రం పదహారేళ్ళది. పెట్టల కాళ్ళకున్న నంబరు కడియాలు చూసి, "ఈటికి ఆధార్ కార్డులు కూడా ఇచ్చినారేటమ్మా?" అంది. ల్యాబునుంచి వచ్చాయని ఆ పూటకే వాటికి లేబు పెట్టలని పేరు పడిపోయింది.

అప్పలనరసమ్మ కోడలు ఝాన్సీ తల్లి లేని పిల్ల. పెళ్ళయిన నాలుగేళ్ళలో రెండు కడుపులు మూడో నెల దాటకుండానే పోయాయి. కొడుకు వెల్డింగు పనికి పోతే ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళే. ఇప్పుడు ఝాన్సీకి మళ్ళీ మూడో నెల. అప్పలనరసమ్మ ఆ సంగతి గౌరీశ్వరికి చెవిలో చెప్పి, "దిష్టి తగుల్తాది, ఎవులికీ అనకమ్మా," అంది. అప్పటికే ఊళ్ళో సగంమందికి అలాగే చెవిలో చెప్పింది.

మొదటి నాలుగు మంగళవారాలూ గుడ్లు నీలంగానే వచ్చాయి. అన్నీ కాదు. ప్లాంటు వైపు కాలవగట్టు మీద తిరిగే పెట్టలవి ముదురుగా, పెరట్లోనే ఉండేవాటివి లేతగా, కొన్ని తెల్లగానే. ఆ నీలానికి ఎండ తగిలితే వెలిసిపోతుంది. అందుకని గౌరీశ్వరి నీలి గుడ్డు కనిపించగానే దూదిలో చుట్టి, నల్లగుడ్డ కప్పి, రెండు చేతులతో పెట్టెలో పెట్టేది. తెల్లవి మామూలు అట్టలో వరసగా గుచ్చేసేది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు అదంతా చూస్తుండేవారు. గుడ్లు ఏరుకుపోయే మనిషిని ఆడవాళ్ళు చూడకుండా ఉంటారా?

ఐదో వారంనుంచి నీలం తగ్గింది.

ప్రయోగశాలలో గోడకు పొడవాటి కాగితం వేలాడదీసి, వారం వారం గుడ్ల రంగులు చుక్కలుగా పెట్టేవారు. ఎనిమిదో వారానికి చుక్కలు పాలిపోయాయి. పద్నాలుగో వారానికి కాగితం దాదాపు తెల్లగా మిగిలింది. ప్లాంటువాళ్ళు సరిగ్గా ఆ నెలలోనే పొగగొట్టానికి కొత్త ఫిల్టరు బిగించారు. భానోజీరావు గారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆ చుక్కల్ని మొదటినుంచీ లెక్కపెట్టారు.

"ఫిల్టరు పనిచేసింది గౌరీ. కోర్టుల చుట్టూ తిరగాలనుకున్నాను. ఎవరితోనూ పోట్లాడకుండానే ఊరు బాగుపడింది," అన్నారు. ఆయన గొంతులో నిజమైన సంతోషం ఉంది. పరిశోధన నెగ్గినందుకు కాదు, మనుషులు బతికినందుకు సంతోషపడే రకం ఆయన. గురువారం ప్లాంటుకు అనుమతులిచ్చే కమిటీ ముందు నివేదిక పెట్టాలి. ఊరు సురక్షితమని తేలితే ప్లాంటులో రెండో పొయ్యికి అనుమతి వస్తుంది. అయినా ఫర్వాలేదు, కోళ్ళు చెప్పాయి కదా అన్నది ఆయన ధీమా.

గౌరీశ్వరికి కూడా గుండె మీద బరువు దిగింది. నెలల తరబడి ఆ ఇళ్ళలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మాట దాచుకుని వచ్చేది. ఇంక దాచడానికేమీ లేదనుకుంది. నివేదికకు ముందు ఆఖరి మంగళవారం ఆమె తురాయివలస బస్సెక్కినప్పుడు కూనిరాగం కూడా తీసింది.

"ఇయాల తినీసి ఎల్లాలి," అని అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "పద్నాలుగు వారాల్నుంచి వొస్తన్నావు, ఒక్కపూట మెతుకు ముట్టనేదు. మేం వొండితే సేదా ఏటి?"

కాదనలేకపోయింది. వంటింటి గడపలో పీట వేశారు. ఝాన్సీకి ఏడో నెల. ముఖం నిండుగా, బుగ్గలు మెరుస్తూ, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తోంది. అన్నం, తోటకూర పులుసు వడ్డించింది. అప్పలనరసమ్మ గిన్నెలోంచి ఉడికించిన గుడ్డు తీసి, పెంకు వలిచి గౌరీశ్వరి కంచంలో వేసింది.

గౌరీశ్వరి చూపు గుడ్డు మీద లేదు. నేలమీద పడ్డ పెంకు మీద ఉంది. అది నేరేడు పండు రంగులో ఉంది. అంత ముదురు పెంకు ఆమె ప్రయోగశాలలో కూడా చూడలేదు.

"తిను, సూస్తావేటి? ఝాన్సీకి రోజూ ఇదే. పొద్దున ఒకటి, మద్దేనం ఒకటి. ఇయాల దాని వాటాలోది నీకు."

"పెద్దమ్మా... మాకు ఇచ్చేవన్నీ తెల్లవే కదా?"

అప్పలనరసమ్మ కిలకిలా నవ్వింది. దొరికిపోయిన దొంగ నవ్వు. "ఆరిమ్మన్నావు, ఆరిచ్చినాను. ఏ ఆరో సెప్పినావేటి?" అని, కాస్త బతిమాలుతున్నట్టు దగ్గరికి జరిగింది. "కోప్పడకమ్మా. నువ్వు నీలం గుడ్డుని దూదిలో సుట్టి, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకెల్తుంటే మేం సూడనేదా? తెల్లయ్యేమో అట్టలో పడేసీదానివి. ఏది మంచిదో ఆమాత్రం మాకు తెలీదేటి?"

"అందరూ... ఊరంతా ఇంతేనా?"

"ఊరంతా ఇంతే. నీలంది కడుపుతో ఉన్నోల్లకి, బాలింతలకి. మిగిల్తే సిన్నపిల్లలకి. మీకేమో తెల్లయ్యి, సాలకపోతే మా సొంత పెట్టలయ్యి. మీ లేబుకి బలం దేనికమ్మా?" అప్పలనరసమ్మ కోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "ముందరి రెండూ నిలబడనేదు. ఇది ఏడో నెలకొచ్చినాది. అంతా నీ పెట్టల సలవే."

గౌరీశ్వరికి గోడమీది కాగితం కళ్ళముందు కనబడింది. అది ఊరు బాగుపడినట్టు చూపించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు తమ కోడళ్ళను, కూతుళ్ళను ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో చూపించింది. నీలం తగ్గిన ప్రతి వారమూ ఆ నీలం ఒక కడుపులోకి పోయింది.

కంచం వదిలి బయటికొచ్చి ఫోను చేసింది. సంగతంతా విని భానోజీరావు గారు ముందు, "పెంకు పారేయకు. ఎంత ముదురు?" అన్నారు. "నేరేడు పండంత," అంది గౌరీశ్వరి.

"నేనేం అడిగాను చూశావా గౌరీ," అన్నారాయన. ఆ గొంతును ఆమె ఎన్నడూ వినలేదు. "ఆ పిల్ల ఏడు నెలలు అంటే, నేను పెంకు అడిగాను."

"చెప్పేస్తాను సర్. ప్రయోగం పాడవుతుంది."

"అది ఐదో వారంలోనే పాడయింది. చెప్పు. అందరికీ చెప్పు. నివేదిక ఆపి నేనూ బయల్దేరుతున్నాను."

లోపలికొచ్చి చెప్పింది. పొగ, మట్టి, పురుగు, సొన, పెంకు. విషం కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి పోదని, కడుపులో బిడ్డ ఎదుగుదలను దెబ్బతీసే ప్రమాదముందని. చెప్తూ ఉంటే తన మాటలే తనకు అతికినట్టు లేవు. అప్పలనరసమ్మ మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది, చివరికి కొంగు బొడ్లో దోపుకుని నిలబడింది.

"ఇన్ని మంగలవారాలు వొచ్చినావు. ఒక్కనాడు సెప్పనేదు. మంచియ్యి మాకు దక్కినాయని తెలిసీసరికి ఇయాల విసమైపోనాదేటి?"

"లేదు పెద్దమ్మా, నిజం..."

"నిజమేటో నానెలా నమ్మాలి? కాయితం సూపిస్తావా? నాకు సదువు రాదు. మిసనీ సూపిస్తావా? ఆ ప్లాంటోల్లూ సూపిస్తారు మిసనీ."

నమ్మించడానికి ఉండాల్సింది నమ్మకం. దాన్ని గౌరీశ్వరి వారం వారం దూదిలో చుట్టి పట్టుకుపోయింది.

అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డ ఝాన్సీ నోరు విప్పింది. "అక్కా, నీ కంచంలో గుడ్డు అలాగే ఉన్నాది. నువ్వు తింటావా?"

"తినను," అంది గౌరీశ్వరి.

"ఇయాలేనా? మొదట్నించీ తినవా?"

"మొదట్నుంచీ. ఈ ఊరి గుడ్డు ఏదీ నేను తినలేదు."

ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. కానీ వచ్చాక దాని బరువు ఆమెకే తెలిసింది. అప్పలనరసమ్మ ఒక్కసారి కళ్ళు చికిలించింది.

"ఏదీ అంటే? ఉగాదికి మా సొంత పెట్టలయ్యి పన్నెండు కట్టిచ్చినాను. తెల్లయ్యి. మీ అమ్మకి పెట్టమన్నాను. అయ్యేటి సేసినావు?"

అబద్ధం చెప్పడానికి అప్పుడు కూడా అవకాశముంది. మా అమ్మ చాలా బాగున్నాయంది అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఉగాది మర్నాడు అచ్చంగా అదే మాట చెప్పింది కూడా.

"బస్టాపు పక్కన చెత్తడబ్బాలో వేశాను పెద్దమ్మా. మీ పెట్టలూ ఆ మట్టిలోనే తిరుగుతాయి. వాటి గుడ్లలోనూ ఇంతే ఉంటుంది. వాటికి రంగు రాదు, అంతే తేడా."

అప్పలనరసమ్మ కూలబడింది. తిట్టలేదు. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని గౌరీశ్వరి ఎదురుచూసింది. పెట్టినా బాగుండేది. ఆవిడ కోడలి కాళ్ళదగ్గర కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"నా సేత్తో ఒలిచి పెట్టినాను," అంది. "వొద్దత్తా, కడుపు నిండిపోనాదంటే కూడా బలవంతంగా పెట్టినాను."

ఝాన్సీ కష్టంగా వంగి అత్త భుజం మీద చెయ్యి వేసింది. గౌరీశ్వరికి కన్నీళ్ళు ఆగలేదు. ఏడ్చే హక్కు తనకుందో లేదో కూడా తెలియలేదు.

"అక్కా," అంది ఝాన్సీ, "పుట్టినాక పాలు ఇవ్వొచ్చా?"

"ఇవ్వాలి. తల్లిపాలను మించింది లేదు. ఇకనుంచి నువ్వు తినేది మారిస్తే చాలా నయం. పెద్దాసుపత్రికి నేను తీసుకెళ్తాను, డాక్టర్లకు అన్నీ నేనే చెప్తాను." ఇంకా ఏమైనా ఇవ్వాలని వెతుక్కుంది. "పెద్దమ్మా, పురుడయ్యేదాకా ఝాన్సీని నాతో పంపండి. మా ఇంట్లో అమ్మా నేనే. పుట్టిల్లు అనుకుంటుంది. అక్కడ గుడ్లూ పాలూ కూరలూ అన్నీ వేరేచోటివి."

అప్పలనరసమ్మ తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. లెక్కలు రాని మనిషి లెక్క కట్టుకుంటున్న చూపు అది.

"నీది మంచి మనసేనమ్మా. కాదనను, పట్టుకెల్లు. మరి రాములమ్మ కూతురికి తొమ్మిదో నెల. కమ్మరోల్లింట్లో కవలలంట. గెడ్డ కాలవ అవతల ఇంకా ఇద్దరున్నారు. బాలింతలు ముగ్గురు. నీ ఇల్లు ఎంత పెద్దదమ్మా?"

పెరట్లో ఒక పెట్ట గుడ్డు పెట్టి, ఊరంతా వినేలా అరుస్తోంది. ఈ వేళ కొన్ని ఇళ్ళలో ఇంకా పొయ్యిమీద గుడ్లు ఉడుకుతూ ఉంటాయి. ఆ సంగతి ముందు అప్పలనరసమ్మకే తట్టింది. నేలకు చెయ్యి ఆన్చి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"లెగు. బేగి రా. ముందు రాములమ్మోలింటికి ఎల్దాం."

"నన్ను నమ్ముతారా పెద్దమ్మా?"

"నమ్మరు. నానూ నమ్మనేదు కదా," అంటూ అప్పలనరసమ్మ కంచంలోని గుడ్డు తీసి, ఒక గిన్నెలో పెట్టి గౌరీశ్వరి చేతికిచ్చింది. "పొగా మట్టీ అని నువ్వేటీ సెప్పకు. అయ్యన్నీ నాను సెప్తాను. ఆల్లు ఈ గుడ్డు నీ సేతిలో పెట్టి తినమంటారు. అప్పుడు మాత్రం, నాకు సెప్పినట్టే, తిననని సెప్పు."